గడియారం ఎవరి చేతిలో?

పనిని రెండు రకాలుగా మాట్లాడుకోవడం మన పల్లెల్లో ఎప్పటినుంచో ఉన్నదే. ఒకటి దినకూలి, రెండోది గుత్త. దినకూలికి వచ్చిన మనిషిని పొద్దువాలే దాకా గట్టుమీద నిలబడి కనిపెట్టుకోవాలి. గుత్తకు దిగిన నాట్ల ముఠాను ఎవరూ కనిపెట్టక్కర్లేదు. ఎకరానికి ఇంత అని మాట అయ్యాక ఎప్పుడు దిగాలో, ఏ మడి ముందు పట్టాలో, ఎప్పుడు ఒడ్డెక్కాలో వాళ్లే తేల్చుకుంటారు. తొందరలో కుదుళ్లు దూరం పడతాయేమోనన్న దిగులొక్కటే రైతుకు మిగులుతుంది. చూస్తేనే పని సాగుతుందా, కూలి పెంచితే చేయి చురుకవుతుందా, మనిషి మనసు పెట్టి పనిచేయాలంటే ఇంకేం కావాలి? ఇవన్నీ పొలంగట్టు మీద పుట్టిన ప్రశ్నలే. ఫ్యాక్టరీలు వచ్చాక అవి వేలమంది బతుకులను ఒక్కసారిగా తాకే ప్రశ్నలయ్యాయి. శాస్త్రం పేరుతో వాటికి జవాబు వెతకడం మొదలై నూటనలభై ఏళ్లు దాటింది. వెనుదిరిగి చూస్తే తరానికొక సిద్ధాంతం వచ్చి వెళ్లింది గానీ, ఒక ప్రశ్న మాత్రం ప్రతి మలుపులోనూ ఎదురవుతూనే ఉంది. పనిని కొలిచే గడియారం ఎవరి చేతిలో ఉండాలి?

పందొమ్మిదో శతాబ్దం చివర అమెరికా ఉక్కు కార్ఖానాల్లో పని రహస్యమంతా పనివాడి చేతిలోనే ఉండేది. లేతు మీద ఇనుమును ఏ వేగంతో కోయాలో, ఏ పనికి ఎంతసేపు పడుతుందో యజమానికి తెలియదు. ఫోర్‌మన్ గదమాయించేవాడు, పనివాళ్లు తమలో తాము ఒక హద్దు పెట్టుకుని దానికి మించి చేసేవారు కాదు. ఎక్కువ చేస్తే పీసు రేటు కోస్తారని వాళ్ల అనుభవం. ఆ భయం వట్టిది కూడా కాదు. ఈ లోకంలోకి 1878లో ఫ్రెడరిక్ విన్‌స్లో టేలర్ అడుగుపెట్టాడు. 1856లో ఫిలడెల్ఫియాలోని కలిగిన ఇంట పుట్టి, చూపు మందగించడం వల్ల హార్వర్డ్ చదువు వదులుకుని, నమూనాలు చెక్కే పనిలో, మెషీన్ పనిలో శిష్యరికం చేసినవాడు. మిడ్‌వేల్ ఉక్కు కర్మాగారంలో మామూలు కూలీగా చేరి, లేతు పనివాడై, ముఠా మీద పెద్దయి, చివరికి చీఫ్ ఇంజనీరయ్యాడు. పనివాడిగా ఉన్నప్పుడు అందరితో పాటు తానూ ఆ హద్దు పాటించాడు. పెద్దయ్యాక ఆ హద్దు చెరపడానికి మూడేళ్ల పాటు నిన్నటి తోటివాళ్లతోనే పోరాడాడు. గెలిచాడు గానీ, ఎటు చూసినా పగతో నిండిన ముఖాలే కనిపించే గెలుపది. రోజుకు న్యాయమైన పని ఎంతో ఇరువైపులా ఎవరికీ తెలియకపోవడమే ఈ పగకు మూలమని ఆయన తీర్మానించుకున్నాడు. దాన్ని తేల్చేందుకు స్టాప్‌వాచ్ పట్టుకున్నాడు. తర్వాతి చరిత్రంతా ఆ క్షణం నుంచి పారిందే.

టేలర్ పేరును లోకానికెక్కించినవి 1898 తర్వాత బెత్లెహేమ్ ఉక్కు కర్మాగారంలో చేసిన ప్రయోగాలు. ఒక్కొక్కటి 92 పౌన్లు, అంటే సుమారు 42 కిలోలు తూగే పోత ఇనుప దిమ్మలను నేల మీంచి ఎత్తి, పలక వాలు ఎక్కి, రైలు పెట్టెలో వేయాలి. మనిషికి రోజుకు 12.5 టన్నులు సాగే ఆ పనిని, ఎప్పుడు ఎత్తాలో ఎప్పుడు కూర్చోవాలో చెప్పి చేయిస్తూ 47.5 టన్నులకు చేర్చానని టేలర్ రాశాడు. కూలి మాత్రం 1.15 డాలర్ల నుంచి 1.85 డాలర్లకు పెరిగింది. ఇంతకన్నా తెలివైనది పారల ప్రయోగం. అప్పటిదాకా కూలీలు ఎవరి పార వాళ్లు తెచ్చుకునేవారు. అదే పారతో సన్నబొగ్గు తోడితే మూడున్నర పౌన్లు, ముడి ఇనుము తోడితే 38 పౌన్లు లేచేది. మొదటిదానికి చేయి ఊరికే ఊగుతుంది, రెండోదానికి నడుం విరుగుతుంది. కొలిచి చూస్తే పారకు 21 పౌన్లు ఎత్తినప్పుడు రోజంతటిలో పని ఎక్కువ సాగింది. అందుకని బరువు సరుకుకు చిన్న పార, తేలిక సరుకుకు పెద్ద పార కంపెనీయే చేయించి ఇచ్చింది. 400 నుంచి 600 మంది చేసే యార్డు పని 140 మందితో జరిగింది. మిగిలినవాళ్ల కూలి అరవై శాతానికి పైగా పెరిగింది. పనిముట్టు మనిషికి తగ్గట్టు ఉండాలన్న ఆ ఆలోచన ఈనాటికీ నిలిచిన మేలు.

అయితే ఈ ప్రయోగాలను వివరిస్తూ టేలర్ రాసిన పుస్తకంలోనే ఆ విద్య లోపమూ దాగి ఉంది. దిమ్మలు మోసిన మనిషికి టేలర్ ష్మిట్ అని పేరు పెట్టాడు. అసలు పేరు హెన్రీ నోల్. ఇలాంటి పనికి తగినవాడి బుద్ధి ఎద్దు బుద్ధికి దగ్గరగా ఉంటుందని రాశాడు. ఆ మనిషే చిన్న స్థలం కొనుక్కుని, పనికి వచ్చే ముందు కొంతసేపు, పని దిగాక కొంతసేపు సొంత ఇంటి గోడలు లేపుకుంటున్నాడని కూడా టేలరే రాశాడు. పొద్దంతా టన్నులకొద్దీ ఇనుము మోసి, సాయంత్రం తన ఇంటి గోడ తాను కట్టుకునేవాడికి బుద్ధి లేదనగలమా? ఆలోచన అంతా పై గదిలో, చేత అంతా కింది యార్డులో అని గీసిన గీత ఇక్కడిదే. తర్వాతి తరాల పనంతా ఒక రకంగా ఆ గీతను చెరపడానికే సరిపోయింది. ఆ దిమ్మల కథలో టేలర్ చాలా నగిషీలు చెక్కాడని 1970లలో చరిత్రకారులు పాత రికార్డులు తిరగేసి తేల్చారు కూడా.

టేలర్ ఒంటరివాడు కాడు. ఆయన దగ్గర పనిచేసిన హెన్రీ గాంట్, లక్ష్యం అందుకోలేనివాడిని శిక్షించకుండా దినకూలి నిలిపి, అందుకున్నవాడికి బోనస్ ఇచ్చే పద్ధతి తెచ్చాడు. ఆయన పేరుతో నిలిచిన గాంట్ చార్టు ఇవాళ ప్రతి ప్రాజెక్టు ఆఫీసులోనూ కనిపిస్తుంది. తాపీపని నుంచి పైకొచ్చిన ఫ్రాంక్ గిల్‌బ్రెత్, ఇటుక పేర్చడంలో ఉన్న 18 కదలికలను అయిదుకు తగ్గించాడు. మేస్త్రీ ప్రతి ఇటుకకూ నడుం వంచే అవసరం లేకుండా, గోడతో పాటు పైకి లేచే పరంజాను రూపొందించాడు. గంటకు 120 ఇటుకలు పేర్చే చేయి 350 పేర్చింది. ఆయన భార్య లిలియన్ ఈ విద్యలోకి మనసు అనే మాటను తెచ్చింది. 1914లో వచ్చిన ఆమె పుస్తకం మేనేజ్‌మెంట్ వెనుక మనస్తత్వాన్ని చర్చించింది. రాసింది ఆడమనిషి అని తెలియకుండా ప్రచురణకర్త పొడి అక్షరాలతో ఆమె పేరు వేశాడు. పన్నెండు మంది పిల్లల తల్లి. 1924లో భర్త పోయాక ఇంజనీరుగా, ఆచార్యురాలిగా తన కాళ్లమీద నిలబడి, వంటగదిలో అడుగులు తగ్గించే పద్ధతుల దాకా ఈ విద్యను తీసుకెళ్లి, 1972 దాకా జీవించింది.

1910లో రైల్వేలు ఛార్జీలు పెంచుతామన్నప్పుడు, పెంచక్కర్లేదు, పని తీరు దిద్దుకుంటే చాలని న్యాయవాది లూయీ బ్రాండైస్ వాదించాడు. ‘సైంటిఫిక్ మేనేజ్‌మెంట్’ అన్న పేరు ఊరూరా పాకింది ఆ విచారణతోనే. 1911లో టేలర్ ప్రధాన గ్రంథం వెలువడింది. ఆ ఏడాది ఆగస్టులోనే బోస్టన్ దగ్గరి వాటర్‌టౌన్ ఆయుధ కర్మాగారంలో, స్టాప్‌వాచ్ ముందు పనిచేయనన్న ఒక మౌల్డర్‌ను (పోత అచ్చులు చేసే పనివాడిని) తీసేస్తే తోటివాళ్లంతా పని ఆపి బయటికి నడిచారు. చట్టసభ కమిటీ వేసింది, టేలర్‌ను రోజుల తరబడి ప్రశ్నించింది. 1915లో ఆయన కన్నుమూసిన నాటికే, సైన్యపు కర్మాగారాల్లో స్టాప్‌వాచ్ వాడటానికి డబ్బు ఇవ్వరాదన్న నిషేధం దిశగా కాంగ్రెస్ కదిలింది. 1949 దాకా అది తొలగలేదు. కూలి ఎక్కువ వస్తున్నా ఆ మౌల్డర్లకు సహించనిది ఏమిటి? పక్కన నిలబడ్డ మనిషి గడియారం నొక్కుతాడు, కాగితం మీద రాసుకుంటాడు, ఒక్క మాట అడగడు. డబ్బుతో మానే గాయం కాదది.

డబ్బు ఎంత దూరం లాగగలదో చూపించినవాడు హెన్రీ ఫోర్డ్. 1913లో హైలాండ్ పార్క్ కర్మాగారంలో కదిలే అసెంబ్లీ లైన్ వచ్చాక, పన్నెండున్నర గంటలు పట్టే ఛాసిస్ కూర్పు గంటన్నరకు దిగింది. మనుషులు మాత్రం నిలవలేదు. సుమారు 14,000 మంది ఉండే కర్మాగారం నడవడానికి ఆ ఏడాది 52,000 మందిని చేర్చుకోవాల్సి వచ్చింది. 1914 జనవరిలో ఫోర్డ్ రోజుకూలిని 5 డాలర్లు చేసి, పనిగంటలను తొమ్మిది నుంచి ఎనిమిదికి తగ్గించగానే గేటు ముందు వేలాది జనం బారులు తీరారు. కాకపోతే ఆ అయిదు డాలర్లలో దాదాపు సగం లాభాల వాటా పేరుతో ఇచ్చేది. అది చేతికి రావాలంటే తాగుడు లేకుండా, ఇల్లు పొందికగా ఉండాలి. కంపెనీ మనుషులు ఇంటికొచ్చి చూసి వెళ్లేవారు. గడియారం కర్మాగారం గేటు దాటి గడపలోకి వచ్చిందన్నమాట.

ఈ విద్య సముద్రాలు దాటడం అబ్బురపరిచే కథ. 1914లో దీన్ని మనిషిని యంత్రానికి కట్టేయడమని తిట్టిన లెనిన్, 1918లో సోవియట్ రాజ్యం దీన్ని అభ్యసించాలన్నాడు. మన దేశంలో పరిశ్రమల తొలి పెద్దల్లో కొందరు ఇంకో దారి చూపారు. నాగపూర్‌లో 1877లో ఎంప్రెస్ మిల్లు తెరిచిన జంషెడ్‌జీ టాటా కార్మికుల క్షేమానికి పెట్టిన ఒరవడి, 1912 నాటికే జంషెడ్‌పూర్ ఉక్కు కర్మాగారంలో ఎనిమిది గంటల పనిదినం దాకా వచ్చింది. బొంబాయి మిల్లుల్లో మాత్రం శాస్త్రీయ పద్ధతి ‘రేషనలైజేషన్’ పేరుతో వచ్చింది. ఒక్కొక్కరికి అప్పగించే మగ్గాలు, కదుళ్లు పెరగడం, పక్కవాడి ఉద్యోగం పోవడమే కార్మికుడికి తెలిసిన దాని అర్థం. 1928లో ఆరు నెలలు సాగిన మహాసమ్మెకు ముఖ్య కారణాల్లో ఇదొకటి. తెలంగాణ నుంచి వలస వెళ్లిన పద్మశాలీలెందరో ఆ మిల్లుల్లో నేతగాళ్లు. ఇంటి దగ్గర గుంటమగ్గం మీద తన వేగం తానే నిర్ణయించుకున్న నేతగాడికి, మిల్లులో ఇంకొకరి వేగానికి ఉరకడం ఎంత కష్టమో వేరే చెప్పాలా?

ఇంతలో షికాగో పక్కన, వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీ హాథార్న్ కర్మాగారంలో పెద్ద మలుపు సిద్ధమవుతోంది. 1924లో అక్కడ వెలుతురు మీద పరీక్షలు మొదలయ్యాయి. దీపాలు పెంచితే పని పెరిగింది, తగ్గించినా చాలాసార్లు పడిపోలేదు. తికమక పడ్డ ఇంజనీర్లు 1927లో టెలిఫోన్ రిలేలు కూర్చే కొందరు యువతులను విడిగా ఒక గదిలో కూర్చోబెట్టారు. ముప్పై అయిదు దాకా చిన్న చిన్న భాగాలను పొందించి మరలు బిగిస్తే ఒక రిలే తయారు. నిమిషానికి ఒకటి చొప్పున చేతులు అల్లుకుంటూ పోతుంటాయి. పూర్తయిన రిలేను పక్కనున్న గొట్టంలోకి జారవిడిస్తే, కాగితపు పట్టీ మీద ఒక రంధ్రం పడుతుంది. అదే లెక్క. మధ్యలో విరామాలిచ్చారు, పొద్దున ఫలహారం పెట్టారు, ముందుగా ఇంటికి పంపారు. ప్రతి మార్పుకూ మొత్తం మీద పని పెరుగుతూ వచ్చింది. కొన్నాళ్లకు అన్నీ తీసేసి పాత పద్ధతికి తెచ్చినా వారం మొత్తం ఉత్పత్తి ఎత్తులోనే నిలిచింది. ఆస్ట్రేలియా నుంచి వచ్చి హార్వర్డ్‌లో స్థిరపడిన ఎల్టన్ మేయో, ఆయన సహచరుడు ఫ్రిట్జ్ రోత్లిస్‌బర్గర్ ఇందులో ఒక కొత్త సత్యం చూశారు. తమను గమనించేవాడు ఉన్నాడని, తమతో సంప్రదిస్తున్నారని, తాము ఒక జట్టు అని తెలిసినప్పుడు మనిషి మారతాడని వాళ్ల భావన. ఆ తర్వాత కంపెనీ 20,000 మందికి పైగా కార్మికులను కూర్చోబెట్టి మాట్లాడించింది. ముందు ప్రశ్నల జాబితాతో వెళ్లారు. జాబితా పక్కన పెట్టి ఊరికే వింటేనే అసలు సంగతులు బయటికొస్తాయని త్వరలోనే నేర్చుకున్నారు.

1931లో మరో గదిలో పద్నాలుగు మంది మగవాళ్లను గమనించినప్పుడు కథ అడ్డం తిరిగింది. తమ రోజుపని ఇంతేనని వాళ్లలో వాళ్లు గీత గీసుకున్నారు. మించి చేసినవాడి భుజం మీద ఒక్క పిడికిలి పోటు పడేది. టేలర్ మిడ్‌వేల్‌లో చూసిన హద్దు, యాభై ఏళ్ల తర్వాతా చెక్కుచెదరకుండా ఉంది. హాథార్న్ ముగింపులను తర్వాతి పండితులు గట్టిగానే ప్రశ్నించారు. ఆ యువతుల్లో ఇద్దరిని మధ్యలో మార్చిన సంగతి, చిన్న జట్టుకు విడిగా లెక్కగట్టి కూలి ఇచ్చిన సంగతి మేయో కథనంలో వెనక్కి పోయాయని చూపారు. ఆ విమర్శ న్యాయమైనదే. డబ్బును పూర్తిగా పక్కకు నెట్టడం, డబ్బే సర్వమనడం లాంటి పొరపాటే. అయినా కార్మికుడిని కూర్చోబెట్టి మాట్లాడించాలన్న ఆచారం మాత్రం హాథార్న్ లోకానికిచ్చిన ఆస్తి.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఆ ఆస్తి బొగ్గు గనుల్లోకి, నేత మిల్లుల్లోకి చేరింది. ఇంగ్లండులో పెద్ద యంత్రాలు వచ్చి, చిన్న జట్లుగా బొగ్గు తవ్వుకునే పాత పద్ధతిని ముక్కలు చేశాక గైర్హాజరు, జబ్బులు పెరిగాయి. లండన్‌లోని టావిస్టాక్ పరిశోధన సంస్థకు చెందిన ఎరిక్ ట్రిస్ట్, గనిలో పనిచేసి వచ్చిన కెన్ బాంఫోర్త్ దీన్ని 1951లో వివరించారు. యంత్రం మారినప్పుడు మనుషుల మధ్య అల్లికను కూడా చూసుకోవాలన్నది వాళ్ల మాట. ఆ సంస్థకే చెందిన ఎ.కె. రైస్ 1953లో అహ్మదాబాద్ కాలికో మిల్లుకు వచ్చాడు. అక్కడ కొత్త ఆటోమేటిక్ మగ్గాలు పెట్టినా ఉత్పత్తి ఆశించినంత లేదు. పనిని ముక్కలు ముక్కలుగా విడగొట్టడంతో ఏ మగ్గానికి ఎవరు బాధ్యులో తెలియని గందరగోళం. ఏడుగురు ఒక జట్టుగా 64 మగ్గాలు చూసుకోవచ్చన్న ఆలోచన చెవిన పడగానే, కార్మికులే ముందుకొచ్చి ఎవరు ఎవరితో చేరాలో తేల్చుకున్నారు. బట్ట పెరిగింది, దెబ్బతిన్న బట్ట తగ్గింది. మన నాట్ల ముఠాకూ ఈ జట్టుకూ చుట్టరికం లేదంటారా?

అదే కాలంలో మనస్తత్వ శాస్త్రం కొత్త పటాలు గీసింది. అబ్రహాం మాస్లో 1943లో మనిషి అవసరాలకు ఒక వరస చెప్పాడు. దాన్ని పిరమిడ్‌గా గీసింది మాత్రం తర్వాతివాళ్లు. పిట్స్‌బర్గ్‌లో సుమారు 200 మంది ఇంజనీర్లను, అకౌంటెంట్లను అడిగి తెలుసుకున్న ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ 1959లో ఒక మంచి తేడా పట్టుకున్నాడు. జీతం, ఫ్యాన్లు, నియమాలు సరిగా లేకపోతే మనిషి విసుగుచెందుతాడు. అవి సరిచేస్తే విసుగు పోతుంది గానీ ఉత్సాహం రాదు. ఉత్సాహం పనిలోంచే, సాధించామన్న తృప్తిలోంచే రావాలి. 1960లో డగ్లస్ మెక్‌గ్రెగర్ యజమానులకే అద్దం పట్టాడు. మనిషిని సోమరి అనుకుని నడిపితే సోమరిగానే మారతాడని హెచ్చరించాడు.

ఈ పటంలో తెలుగు నేల కూడా ఒక మెరుపు. సాధించాలన్న తపన పుట్టుకతో వచ్చేదా, నేర్పితే వచ్చేదా అని హార్వర్డ్ ఆచార్యుడు డేవిడ్ మెక్‌క్లెలాండ్ పరీక్షించిన ఊరు మన కాకినాడ. 1964లో అక్కడి చిన్న వ్యాపారులను, పారిశ్రామికులను హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ సియెట్‌కు రప్పించి శిక్షణ ఇచ్చారు. యూసుఫ్‌గూడలోని నేటి ఎన్ఐ-ఎంఎస్ఎంఈ అదే. బొమ్మలు చూసి కథలు రాయించారు, ఆ కథల్లో తమ ఆశలను తామే చదువుకోనిచ్చారు. కొయ్యకు రింగులు విసిరే ఆట లాంటివి ఆడించారు. మరీ దగ్గర నిలబడితే గెలుపులో రుచి లేదు, మరీ దూరం నిలబడితే అంతా అదృష్టం. అందీ అందని దూరం ఎంచుకోవడమే సాధకుడి లక్షణమని అందులో పాఠం. శిక్షణ పొందినవాళ్లు, పొందనివాళ్ల కన్నా ఎక్కువగా కొత్త పనులు ఎత్తుకున్నారు, ఎక్కువమందికి పని కల్పించారు. సంప్రదాయ విశ్వాసాలు ఆ మార్పుకు అడ్డు రాలేదని కూడా తేలింది. ప్రాచ్య మనస్తత్వం పురోగతికి ప్రతిబంధకమన్న అపోహకు గోదావరి సీమ ఇచ్చిన జవాబది. సియెట్‌లో పనిచేసిన ఉదయ్ పరీక్, తెలుగువాడైన టి.వి. రావు కలిసి 1970ల మధ్యలో ఎల్ అండ్ టీ కంపెనీకి మానవ వనరుల అభివృద్ధి విభాగాన్ని రూపొందించారు. మన దేశపు ఆఫీసుల్లో హెచ్ఆర్‌డీ అన్న మాట వేళ్లూనింది అక్కడినుంచే.

మరో మెరుపు రామచంద్రాపురానిది. యుద్ధంలో కుంగిన జపాన్ 1950లో అమెరికా గణాంకవేత్త డెమింగ్ చెప్పిన నాణ్యతా పాఠాలు విని, 1962 నుంచి కవోరు ఇషికావా మార్గదర్శనంలో క్వాలిటీ సర్కిళ్లు నడిపింది. ఒకే షాపులో పనిచేసే ఆరు నుంచి పది మంది ఇష్టపడి, వారానికో గంట కూర్చుని తమ పనిలోని చిక్కును తామే విప్పుకోవడం దాని పద్ధతి. మన దేశంలో దీనికి శ్రీకారం చుట్టినది 1980లో హైదరాబాద్ శివారు రామచంద్రాపురంలోని బీహెచ్ఈఎల్ కర్మాగారం. అప్పటి జనరల్ మేనేజర్ ఎస్.ఆర్. ఉడ్పా దీనికి సారథి. రెండేళ్లలో క్వాలిటీ సర్కిల్ ఫోరం ఆఫ్ ఇండియా ఇక్కడే పుట్టింది. పని చేసేవాడికే పని సంగతి ఎక్కువ తెలుసునన్న మాట, మిడ్‌వేల్ కార్ఖానాలో యజమానికి భయం పుట్టించిన మాట, ఇక్కడ యజమానికి ఆస్తి అయింది.

ఈ చరిత్రకంతటికీ కీలకమైన ఘట్టం మాత్రం కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జరిగిందని నా నమ్మకం. అక్కడి జనరల్ మోటార్స్ కార్ల కర్మాగారంలో ఒక్కోరోజు అయిదో వంతు మంది పనికి వచ్చేవారు కాదు. 1982లో దాన్ని మూసేశారు. 1984లో టయోటా భాగస్వామ్యంతో ‘నుమ్మి’ (NUMMI) పేరిట మళ్లీ తెరిచినప్పుడు ఎక్కువగా ఆ పాతవాళ్లనే, ఆ యూనియన్‌తోనే తీసుకున్నారు. కొద్దికాలంలోనే గైర్హాజరు నాలుగు శాతం లోపుకు దిగింది, నాణ్యత దేశంలోని ఉత్తమ కర్మాగారాలతో పోటీపడింది. అక్కడ స్టాప్‌వాచ్ మాయం కాలేదు. టేలర్ పద్ధతి అణువణువునా ఉంది. అయితే ఆ గడియారాన్ని పట్టుకున్నది కార్మికుల చిన్న జట్టే. ఒకరి పని ఒకరు కొలుచుకుని, ఏ కదలిక దండగో మాట్లాడుకుని, ఏకాభిప్రాయంతో పద్ధతి రాసుకున్నారు. తప్పు కనిపిస్తే తాడు లాగి పెద్దలను పిలిచే, లైన్ ఆపించే హక్కు ప్రతి మనిషికీ ఇచ్చారు. వాటర్‌టౌన్‌లో సమ్మె రగిల్చిన పనిముట్టే ఇక్కడ పనివాడి పనిముట్టయింది. గొడవంతా కొలత గురించి కాదని, కొలిచే హక్కు గురించని డెబ్బై మూడేళ్ల తర్వాత తేటతెల్లమైంది.

ఇవాళ ఆ గడియారం జేబులోకి వచ్చింది. గోదాముల్లో స్కానర్ ప్రతి వస్తువుకూ పట్టిన సెకన్లను లెక్కపెడుతుంది. మాదాపూర్ ట్రాఫిక్‌లో సరుకు చేరవేసే కుర్రవాడి హ్యాండిల్ మీద ఫోనులో నిమిషాలు కరిగిపోతుంటాయి. లిఫ్టు చెడిపోతే, వాన పడితే, గేటు దగ్గర ఆపితే ఆ సంగతి చెప్పుకోవడానికి ఎదుట మనిషి ఉండడు. వాటర్‌టౌన్ మౌల్డర్ పక్కన కనీసం ఒక మనిషి నిలబడి ఉండేవాడు. అతనితో వాదించడానికైనా వీలుండేది. బహుమానం ఎర చూపితే పనిమీది సహజమైన ఇష్టం సన్నగిల్లవచ్చని ఎడ్వర్డ్ డెసీ 1971లోనే ప్రయోగాలు చేసి చెప్పినా, రేటింగులూ ఇన్సెంటివులూ తప్ప వేరే దారి తెలియనట్టు నడుస్తున్నాం. అయినా నూటనలభై ఏళ్ల దారి చూసినవాడికి నిరాశ అక్కర్లేదు. పారను కొలిచి నడుం కాపాడిన టేలర్, పరంజా లేపిన గిల్‌బ్రెత్, జాబితా పక్కన పెట్టి విన్న హాథార్న్ మనుషులు, కాకినాడ వ్యాపారులు, రామచంద్రాపురం జట్లు ఒక్కొక్క అడుగు వేసి వెళ్లారు. లెక్కగట్టే యంత్రాలకు ఇప్పుడు లోటు లేదు. ఆ లెక్కను ఆ కుర్రవాడి ముందు పరిచి, ‘ఇందులో ఎక్కడ తప్పుందో నువ్వు చెప్పు నాయనా’ అని అడిగే మనిషి కావాలి. ఆ పని చేయడానికి కొత్త సిద్ధాంతమేదీ అక్కర్లేదు, ఒక కుర్చీ వేసి కూర్చోబెడితే చాలు.